ప్రశ్న–జవాబు: ఛానెల్‌లో పలకరిస్తే ఎవరూ పలకలేదు

ప్రశ్న: మాది కావలి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ (విండోస్ లాంటి ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాక ఒక ప్రోగ్రాములో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. సాయం కోసం ఉదయం పది గంటలకు డెబియన్ వారి ఐఆర్‌సీ (ఇంటర్నెట్‌లో రాతతో మాట్లాడుకునే పాత చాట్ పద్ధతి) ఛానెల్‌లో, అంటే వారి చాట్ గదిలో చేరి, 'ఒక సందేహం అడగవచ్చా?' అని ఇంగ్లీషులో రాశాను. వందల పేర్లు కనిపిస్తున్నా పావుగంట దాకా ఒక్కరూ పలకకపోయేసరికి బయటికి వచ్చేశాను. కొత్తవారిని అక్కడ లెక్కచేయరా?

జవాబు: మీరు సందేహమే చెప్పలేదు గదా, వారు దేనికి జవాబివ్వాలి? నెల్లూరు బస్టాండులో 'అన్నా, ఒక మాట' అంటే ఎవరూ ఆగకపోవచ్చు. 'అన్నా, ఉదయగిరి బస్సు ఎక్కడ ఆగుతుంది?' అంటే నడిచేవారు నడుస్తూనే చెయ్యి చూపిస్తారు. 'అడగండి' అన్నవారి మీద, రాబోయే ప్రశ్న తమకు తెలిసినదైనా కాకపోయినా, బాధ్యత పడుతుంది. అందుకే ఎవరూ ఆ మాట అనరు.

ఆ పేర్లలో చాలామంది పనిలోనో నిద్రలోనో ఉండి, కంప్యూటరును మాత్రం ఛానెల్‌కు తగిలించి ఉంచుతారు. మనకు ఉదయం పదయితే యూరప్‌లో ఇంకా తెల్లవారుజాము, అమెరికాలో రాత్రి. సాయంత్రం ఏడు తర్వాత అడిగితే రెండు వైపులవారూ మేలుకుని ఉంటారు. పైగా 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఈ ఐఆర్‌సీలో సర్వరు మామూలుగా పాత మాటలను దాచిపెట్టదు కాబట్టి, మీరు వెళ్లిపోయాక ఎవరైనా జవాబు రాసి ఉన్నా అది మీకు అంది ఉండదు.

ఈసారి డెబియన్ ఏ వెర్షనో, ఏ ప్రోగ్రామో చెప్పి, 'స్త్రీ' అని కొడితే తెర మీద ఏం వస్తున్నదో, అదే మాట బ్రౌజరులో సరిగా ఉందో లేదో ఒకే సందేశంలో ఇంగ్లీషులో రాయండి. తెలుగు మాత్రం పొదుపుగా వాడండి: ఐఆర్‌సీలో ఒక వరుసకు ఛానెల్ పేరుతో సహా 512 బైట్లే హద్దు, మనం ఒక్క అక్షరమనుకునే 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు తింటుంది. పొడవైన తెలుగు వాక్యం చివర తెగిపోతే అదీ మీ ఒత్తుల జబ్బేనని అవతలివారు పొరబడతారు. ఎర్రర్ సందేశాలు పది వరుసలుంటే ఛానెల్‌లో గుమ్మరించకండి, బయటికి నెట్టేస్తారు. పేస్ట్ సైటులో (పొడవైన రాతను ఉంచి లింకు తీసుకునే వెబ్‌సైటు) పెట్టి ఆ లింకు ఇస్తే చాలు.

అడిగాక రాత్రి భోజనమయ్యేదాకా కనెక్షన్ తీయకండి. కరెంటు పోయి తెగిపోతే మర్నాడు అదే ప్రశ్న మళ్లీ వేయడంలో తప్పేమీ లేదు.