ఫీజు సరే, రెండేళ్లు ఇల్లు గడిచేదెలా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు: ‘నాకు 37 ఏళ్లు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 28,000. మావారికి మొబైల్ రిపేరు షాపు మీద 20,000 దాకా వస్తుంది. ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు 34,000. ఉద్యోగం మానేసి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేరాలని ఉంది. ఫీజుకు తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తామన్నారు. ఎఫ్‌డీ 1,08,000 ఉంది. చేరిపోవచ్చా?’

చదవండమ్మా, తప్పకుండా. కానీ ఈ ఏడాది వద్దు, ఆ అప్పు అసలే వద్దు.

మళ్లీ కాలేజీకి వెళ్లేవాళ్లు చాలామంది ఫీజు కూడుకుంటారు, ఆగిపోయే జీతాన్ని మర్చిపోతారు. మీరు మానేసిన నెల నుంచే ఇంట్లో 14,000 లోటు. దానికి తోడు ఆ అప్పు మీద నెలకు వడ్డీ 4,000. మీ ఎఫ్‌డీ సరిగ్గా ఆరు నెలల్లో ఖాళీ! ఆ తర్వాత పిల్లాడికి జ్వరమొచ్చినా మళ్లీ అప్పే. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కోర్సు అయ్యేసరికి 96,000 కట్టి ఉంటారు, అసలు 2 లక్షలూ అలాగే ఉంటుంది. ఇలాంటి అప్పుతో చదువు మధ్యలో ఆపేసినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫీజుకు ప్రభుత్వ బ్యాంకులో విద్యారుణం అడగండి. 4 లక్షల లోపైతే సాధారణంగా తనఖా అడగరు, వాయిదాలు కోర్సు ముగిసిన ఏడాదికి మొదలవుతాయి.

ఎఫ్‌డీని ముట్టుకోకండి. అది మూడు నెలల ఇంటి ఖర్చు, మీ అత్యవసర నిధి. ఇప్పుడు నెలకు మిగులుతున్న 14,000 ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేస్తే ఏడాదికి 1,68,000. ఒక సంవత్సరం లోటు దాంతో తీరుతుంది. రెండో ఏడాదికి కూడా కూడబెట్టుకుని చేరితే ఇంకా మంచిది. అంతవరకు ఆగలేకపోతే, సెలవుల్లో డ్యూటీలు ఇస్తారేమో మీ ఆసుపత్రిలో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇంకొకటి. ఆసుపత్రి బిల్లులు రోజూ చూసే మీరే ఆరోగ్య బీమా ఊసెత్తలేదు. ఆసుపత్రి ఉద్యోగులందరికీ కలిపి చేసిన గ్రూప్ పాలసీ ఉంటే అది ఉద్యోగంతోపాటే పోతుంది. రాజీనామాకు ముందే అదే కంపెనీ ఫ్యామిలీ పాలసీకి మారండి, గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మీ పేరిట టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) కూడా జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోండి, ఆదాయం చూపలేనివాళ్లకు కంపెనీలు అంత కవరు ఇవ్వవు.