అల్లునికి: హై లెవల్ అలారం ఉత్తగనే మోగుతుందంటే ఏమేం చూడాలె

అల్లుడా,

మీ అమ్మ ఫోన్ల చెప్పింది, ఆ గ్యాస్ ప్లాంట్ల కంప్రెసర్ ముందున్న స్క్రబ్బర్ (గ్యాస్ల లిక్విడ్‌ను వేరు చేసే డ్రమ్ము) హై లెవల్ అలారం నీకు నైట్ డ్యూటీల కుదురు లేకుంట చేస్తుందట, గేజ్ గ్లాసుల (లోపలి లెవల్ కండ్లకు కనిపించే అద్దం గొట్టం) సగం కూడ ఉండదట గాని స్క్రీన్ మీద 90 శాతం దాటి చూపిస్తదట, మీ షిఫ్టోళ్లేమో "అది గంతే, రోజూ మోగుతది" అని అక్నాలెడ్జ్ (చూసినం అనే బటన్) కొట్టి పక్కకు పెడ్తున్నరట. ఆ మాట విన్నకాంచి నాకు మనసున పడ్తలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, తీరికగ చదువు.

1998 సెప్టెంబర్ 25న ఆస్ట్రేలియాల లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంట్ పేలి ఇద్దరు చనిపోయిన్రు, ఎనిమిది మందికి దెబ్బలు తాకినయ్, విక్టోరియా రాష్ట్రానికి రెండు వారాలకు పైనే గ్యాస్ బందయింది. ఆ గడబిడ షురూ అయ్యింది అబ్జార్బర్ల (గ్యాస్ల నుంచి బరువు హైడ్రోకార్బన్లను పీల్చే టవర్) కండెన్సేట్ (గ్యాస్ల నుంచి దిగిన లిక్విడ్) లెవల్ మీదికెక్కుడుతోని. అక్కడ అలారాలు అంతగనం మోగుతుండె, ఆపరేటర్లు వాటితోనే ప్లాంట్ నడుపుడు అలవాటు చేసుకున్నరు. నీ స్క్రబ్బర్ దాటి లిక్విడ్ పోతే కంప్రెసర్ పలిగిపోతది, కాబట్టి ఉత్తదని తేలేదాంక ప్రతి అలారం నిజమే అనుకో.

ముందు ట్రెండ్ (టైంతోని లెవల్ ఎట్ల మారిందో చూపే గీత) తియ్. పెద్ద వెస్సెల్ ఒక్క సెకన్ల 50 నుంచి 95కి నిండదు, నిటారుగ గోడ లెక్క లేస్తే అది వైరింగో, ట్రాన్స్‌మిటరో (లెవల్ కొలిచి స్క్రీన్‌కు పంపేది), రాడార్ సెన్సర్ల దొంగ ఎకోనో అయి ఉంటది, మెల్లగ గంటల కొద్దీ ఎక్కుతుంటే ఛాంబర్ (వెస్సెల్ పక్కన సెన్సర్ పెట్టే గొట్టం) కథ, వాన పడ్డప్పుడే వస్తే కేబుల్ కథ, మిట్టమధ్యాహ్నం ఎండకు వస్తే క్యాపిలరీ (సెన్సర్‌కు పోయే నూనె నిండిన సన్న గొట్టం) వేడెక్కుడు కావచ్చు. గాని లైన్ల పిగ్గింగ్ (పిగ్గు అనేదాన్ని లోపల తోలి లైన్ సాఫ్ చేసుడు) చేసిన రోజు స్లగ్ (ఒక్కసారే వచ్చిపడే లిక్విడ్) వచ్చి నిజంగనే జల్ది నిండుతది, అందుకని పైప్‌లైనోళ్లను అడగకుంట ఉత్తదని రాయకు. ఇంకోటి, గేజ్ గ్లాసును కండ్లు మూస్కొని నమ్మకు, గ్లాసూ ట్రాన్స్‌మిటరూ ఒకే స్టాండ్‌పైపు (వెస్సెల్‌కు కలిపిన నిలువు పైపు) మీదుంటే కింది నాజిల్ మూసుకపోయినప్పుడు రెండూ కలిసే తప్పు చూపిస్తయ్. కింద లిక్విడ్‌ను బయటికి పంపే కంట్రోల్ వాల్వ్ ఎంత తెరుచుకుంది, వాల్వ్ తెరిస్తే లెవల్ కదులుతుందా లేదా, అది కూడ చూడాలె.

నాకైతే ఎక్కువ అనుమానం ఛాంబర్ మీదనే. బయటి ఛాంబర్ వెస్సెల్ కంటె చల్లగుంటది, గ్యాస్ల ఉన్న బరువు హైడ్రోకార్బన్లు, నీళ్లు అక్కడ కండెన్స్ అయితయ్, కింది ట్యాపింగు (ఛాంబర్‌ను వెస్సెల్‌కు కలిపే దారి) ఐరన్ సల్ఫైడ్ బురదతోనో మైనంతోనో మూసుకపోతే ఆ నీళ్లు వెనక్కి పోలేక ఛాంబర్ల మీదికెక్కుతయ్, వెస్సెల్ల లెవల్ మాత్రం ఎప్పటి లెక్కనే ఉంటది. మెయింటెనెన్స్ అయినంక పై వాల్వ్ మూసే ఉంచి పోయినా గంతే, లోపల చిక్కిన గ్యాస్ కండెన్స్ అయ్యి ప్రెషర్ పడిపోతది, లిక్విడ్ కింది నుంచి పైకి ఎగబాకుతది. చూసుడు ఎట్లంటె, పర్మిట్ తీస్కొని, కంట్రోల్ రూమోళ్లకు చెప్పి, ట్రిప్ (కంప్రెసర్‌ను దానంతట అదే ఆపేది) అదే ట్రాన్స్‌మిటర్ మీదుంటే దానికి రాతపూర్వకంగ బైపాస్ (ట్రిప్‌ను కొద్దిసేపు పక్కకు పెట్టుడు) తీస్కొని, ఛాంబర్ను క్లోజ్‌డ్ డ్రెయిన్ల (బయటి గాలికి తెరవని డ్రెయిన్ లైన్) ఖాళీ చెయ్, తర్వాత డ్రెయిన్ మూసి పై వాల్వ్ తెరిచి, కింది వాల్వ్ మెల్లగ తెరువు. లెవల్ సర్రున వచ్చి మునుపటి కంటె కింద నిలబడితే లైన్ బాగనే ఉంది, నిమిషాల కొద్దీ పాకుకుంట వస్తే కింది ట్యాపింగు మూసుకపోయినట్టే. హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషపు గాలి) ఉన్న గ్యాస్ అయితే డిటెక్టర్ ఒంటి మీద లేకుంట, పక్కన మనిషి లేకుంట దగ్గరికి పోకు, ఇది మామ మాట. ఐరన్ సల్ఫైడ్ బురద ఎండితే గాలి తగిలి దానంతట అదే అంటుకుంటది, బయట పారేసేటప్పుడు తడిగ ఉంచు.

సెన్సర్ ఏ రకమో నువ్వు చెప్పలేదు. డీపీ (కింద మీద ప్రెషర్ తేడాతోని లెవల్ కొలిచేది) అయితే వెట్ లెగ్గు (రెఫరెన్స్ దిక్కు లిక్విడ్ నింపి ఉంచే పైపు) ఎండిందా చూడు, రెఫరెన్స్ దిక్కు లిక్విడ్ తగ్గితే రీడింగు పైకే పోతది. డిస్‌ప్లేసర్ (లిక్విడ్ల వేలాడే బరువు, మునిగినకొద్దీ తేలికయితది) కొండి నుంచి ఊడి పడితే బరువు తెలవక ఫుల్ చూపిస్తది. లిక్విడ్ల నీళ్లు ఎక్కువై డెన్సిటీ పెరిగినా డీపీ, డిస్‌ప్లేసర్ రెండూ ఎక్కువే చూపెడ్తయ్, క్యాలిబ్రేషన్ల ఏ గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే లిక్విడ్ ఎంత బరువో చెప్పే అంకె) పెట్టిన్రో పాత షీటు కాదు, ఇప్పటి ల్యాబ్ రిపోర్టు తీసి చూడు. 2005ల అమెరికాల టెక్సాస్ సిటీ రిఫైనరీల ఇదే రకం డిస్‌ప్లేసర్ తిరగమరగ అబద్ధమాడింది, టవర్ల మునిగిపోయినంక లిక్విడ్ వేడెక్కి పలచబడుతుంటే లెవల్ దిగుతున్నట్టు చూపెట్టింది, వేరేగ ఉన్న హై లెవల్ స్విచ్ మోగనే లేదు, 15 మంది పోయిన్రు. గైడెడ్ వేవ్ రాడార్ (ప్రోబ్ అనే కడ్డీ వెంట సిగ్నల్ పంపి, తిరిగొచ్చే ఎకోతోని లెవల్ కొలిచేది) అయితే ఎకో కర్వ్ (ఆ ఎకోల గీత) తెరిచి చూడు, ప్రోబ్ పైభాగంల జిగురో మైనమో అతుక్కుంటే పైన ఒక దొంగ ఎకో నిలబడుతది, క్లీన్ చేసినంక కర్వ్ సేవ్ చేసి పెట్టుకో, మల్ల పోల్చుకోనీకి పనికొస్తది. వైబ్రేటింగ్ ఫోర్క్ (అదిరే రెండు కొమ్ముల లెవల్ స్విచ్) అయితే రెండు కొమ్ముల నడుమ గడ్డ కట్టిందేమో చూడు.

ఇగ ఎలక్ట్రికల్ సంగతి. ట్రాన్స్‌మిటర్ తనకు ఫాల్టు వస్తే 21 మిల్లీయాంప్స్ పైన ఇచ్చేటట్టు (మామూలు సిగ్నల్ 4 నుంచి 20 దాంకనే) సెట్ చేసి ఉండొచ్చు, అది లెవల్ కాదు, ఫాల్టు, డీసీఎస్ల (కంట్రోల్ రూమ్ కంప్యూటర్ల) బ్యాడ్ పీవీ (ఈ రీడింగు నమ్మరాదు) అని చూపించకుంట హై అలారం కింద కొడుతుందా అడుగు. ట్రాన్స్‌మిటర్ దగ్గరి మిల్లీయాంప్స్, మార్షలింగ్ క్యాబినెట్ల (ఫీల్డ్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) మిల్లీయాంప్స్ రెండూ కొలువు, తేడా ఉంటే మధ్యల లీకేజ్. వానకాలం జంక్షన్ బాక్స్ మూత తీసి చూడు, గ్లాండ్ల (కేబుల్ లోపలికి దూరే చోటు బిగింపులు) నుంచి నీళ్లు దిగి టెర్మినల్స్ మీద పచ్చటి తుప్పు పట్టి ఉంటది, గా తడే ప్లస్సుకు మైనస్సుకు నడుమ కరెంట్ జారగొట్టి లెవల్ను పైకి చూపిస్తది. మూత రబ్బరు మార్చకుంట ఉత్తగ తుడిచి వస్తే వచ్చే వానకు మల్ల మోగుతది.

అలారం సెట్‌పాయింట్ (మోగే హద్దు) పైకి జరిపి నోరు మూపిద్దామని ఎవరన్న అంటే ఒప్పుకోకు. లెవల్ అలలు కొట్టి అలారం వచ్చి పోతుంటే దానికి 5 శాతం డెడ్‌బ్యాండు (లెవల్ హద్దు కింద అంత దిగితేనే అలారం పోవుడు), నిమిషం దాక డిలే పెట్టుకునే పద్ధతి ఉంది, గాని అది అలారానికే, ట్రిప్పుకు కాదు, అది కూడ మార్పుల రిజిస్టర్ల రాసి, పెద్ద ఇంజనీర్ సంతకం పెట్టినంకనే. బైపాస్ పెట్టిన రోజు, తీసిన టైం నీ చేతితోనే రాయి, షిఫ్ట్ మారేటప్పుడు ఎదుటి మనిషికి నోటితో చెప్పు.

ఫోన్ లోపలికి రానియ్యరు కాబట్టి ట్రెండును కాగితం మీద గీసుకొని, ఆ టైంకు వాల్వ్ ఎంతుంది, వాన పడిందా, పిగ్గు వచ్చిందా పక్కన రాసుకో. ఆఫ్ దొరికిన రోజు పొద్దుగాల ఫోన్ చెయ్, ఆ కాగితం ముందల పెట్టుకొని మాట్లాడుదం.

మీ మామ,
మిర్యాలగూడ