వంద పడకల ఆస్పత్రిలో యాంటీబయాటిక్ వాడకం: ఎక్కడ పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: శ్రీకాకుళం జిల్లాలో 100 పడకల ప్రభుత్వ ఆస్పత్రి, మైక్రోబయాలజిస్టు లేరు, యాంటీబయాటిక్ కమిటీ వేసి పాలసీ రాయమని పైనుంచి కాగితం వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలసీ పుస్తకంతో మాత్రం మొదలుపెట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు ఉన్నాయి, ఏ జబ్బుకి ఏ యాంటీబయాటిక్ వాడాలో చెబుతూ 2022లో డబ్ల్యూహెచ్‌వో తెచ్చిన అవేర్ పుస్తకం ఉంది. వాటిని చూసి మీరు ఇంకో 60 పేజీలు రాస్తే అవి సూపరింటెండెంట్ గారి బీరువాలో భద్రంగా ఉంటాయి. మందు మొదలయ్యేదీ ఆగేదీ కేస్ షీటు మీద. పట్టుకోవాల్సింది అక్కడే.

ముందు ఒక్కరోజు లెక్క తియ్యండి. ఆదివారం, సెలవు మర్నాడు వద్దు. ఆపరేషన్ కేసులు తక్కువ ఉండి లెక్క తప్పుతుంది. మామూలు రోజు ఉదయం 8 గంటలకి వార్డులో ఉన్న ప్రతి పేషెంటు షీటూ ఫార్మసిస్టు, ఒక సిస్టరు కలిసి చూడాలి. వయసు, బరువు, జబ్బు, మందు, డోసు, సూదా మాత్రా, ఇది ఎన్నో రోజు, ఎందుకిస్తున్నారో రాశారా, కల్చర్ (రక్తమో మూత్రమో తీసి ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపారా. ఇంతకు మించి గళ్ళు పెడితే ఎవరూ నింపరు. 80 మంది పేషెంట్లకి ఒక పూట పడుతుంది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ దాకా దేశంలో 20 పెద్దాస్పత్రుల్లో ఇలాగే లెక్క తీస్తే, 71.9 శాతం మంది పేషెంట్లు యాంటీబయాటిక్ మీద ఉన్నారు. అందులో సగానికి పైగా జబ్బు ఉండి కాదు, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తకి ఇచ్చినవి. మీ లెక్కలో రెండు గళ్ళు చూస్తే చాలు: కారణం రాయని షీట్లెన్ని, ఆపరేషన్ అయిన 24 గంటల తర్వాత కూడా నడుస్తున్న సూదులెన్ని. కారణం రాయాలన్నది మీ సొంత రూలు కూడా కాదు. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ డాక్టర్లందరికీ అదే రాసింది. ఎవరైనా గొణిగితే ఆ ఉత్తరం చూపించండి.

ఎక్కువ ఫలితం వచ్చేది సిజేరియన్ దగ్గర. మామూలుగా షీటు ఇలా ఉంటుంది: సెఫ్‌ట్రయాక్సోన్ 1 గ్రాము రెండు పూటలా, మెట్రోనిడజోల్ మూడు పూటలా, పక్కన అమికాసిన్, అయిదు రోజులు. ఇంటికెళ్ళేటప్పుడు సెఫిక్సిమ్ మాత్రలు ఇంకో అయిదు రోజులు. కావాల్సింది సెఫజోలిన్ 2 గ్రాములు, ఒకే డోసు, కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల లోపు. అంతే. ఈ మందే రాసినా తప్పేది టైము. ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నుంచి పిలుపు రాగానే వార్డులోనే సూది వేసేస్తారు. ముందు కేసు ఆలస్యమై బల్ల ఎక్కేసరికి రెండు గంటలవుతుంది. అప్పటికి రక్తంలో మందు సగానికి పైగా పోయి ఉంటుంది. అందుకని వార్డులో వెయ్యడం మాన్పించండి. వయలు ఓటీ ట్రేలో ఉండాలి, మత్తు డాక్టరు గారు బల్ల మీద వేసి టైము తన షీటులో రాయాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే, లేదా రక్తం లీటరున్నర పైగా పోతే ఇంకో డోసు. హెర్నియాకి జాలీ వేసినా లెక్క ఇదే. అపెండిక్స్ పగిలి చీము ఉంటే మాత్రం అది ముందుజాగ్రత్త కాదు, వైద్యం. చీము బాగా కడిగేశాక నాలుగైదు రోజులు ఇస్తే సరిపోతుంది.

స్టోర్స్‌లో సెఫ్‌ట్రయాక్సోన్ పెట్టెలకి పెట్టెలు ఉండి సెఫజోలిన్ ఒక్కటీ ఉండకపోవచ్చు. వచ్చే త్రైమాసికం ఇండెంటులో (మందులు కావాలని పంపే పత్రంలో) ఇప్పుడే పెట్టండి: నెలకి 120 సిజేరియన్లయితే నెలకి 1 గ్రాము వయళ్ళు 240, రెండో డోసులకీ పగిలేవాటికీ ఇంకో 30. అది వచ్చేదాకా ఉన్న మందే వాడండి, కానీ ఒక్క డోసే. మందు పేరు మారకపోయినా రోజులు తగ్గితే సగం పని అయినట్టే.

"మన ఓటీ ఏమైనా కార్పొరేట్ ఓటీయా? కుట్లకి చీము పడితే ఎవరు మాట పడాలి?" అని సర్జన్లు అంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ కుట్లేశాక వేసే సూది ఆటోక్లేవ్ (పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) లోపాన్ని సరిచెయ్యదు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషరు ఎన్ని నిమిషాలు నిలిచిందో లాగ్‌బుక్కులో ఉందా? పరికరాల మూటకి అంటించే టేపు మీద గీతలు నల్లబడితే వేడి తగిలిందనే అర్థం, క్రిములు చచ్చాయని కాదు. ముందురోజు రాత్రి బ్లేడుతో గొరిగిస్తున్నారా? ఆ చిన్న గాట్లలోనే క్రిములు పెరుగుతాయి. వెంట్రుకలు తియ్యక తప్పకపోతే ఓటీకి వచ్చే ముందు క్లిప్పరుతో తియ్యాలి. వీటితో పాటు ఒప్పుకున్న ఒక్క సర్జన్‌తో 50 కేసులు నడిపి, 30వ రోజున ఆశా కార్యకర్త ద్వారానో ఫోనులోనో కుట్లు ఎలా ఉన్నాయో కనుక్కుని రాయండి. పాత 50 కేసుల లెక్క పక్కన పెట్టండి. ఏ గైడ్‌లైనూ చెయ్యలేని పని ఆ కాగితం చేస్తుంది.

వార్డుల్లో చెయ్యాల్సింది మూడో రోజు ముద్ర. రబ్బరు స్టాంపు ఒకటి చేయించండి: ఆపు, మాత్రకి మార్చు, మందు మార్చు, ఫలానా తేదీ దాకా కొనసాగించు. యాంటీబయాటిక్ మొదలై 48 గంటలు దాటిన ప్రతి షీటు మీదా పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు సిస్టరు ముద్ర వేస్తారు, రౌండ్స్‌లో డాక్టరు టిక్కు పెడతారు. నిర్ణయం డాక్టరుదే, గుర్తుచేసే హక్కు సిస్టరుది. అడిగినందుకు ఒక్కసారి కసురుకున్నారంటే ఆ ముద్ర పక్షం రోజుల్లో సొరుగులోకి పోతుంది. ఈ మాట సూపరింటెండెంట్ గారు అందరి ముందూ చెప్పాలి.

జ్వరం 24 గంటలుగా 100.4 ఫారెన్‌హీట్ లోపు ఉండి, బీపీ బాగుండి, వాంతులు లేకుండా తింటుంటే మాత్రకి మార్చొచ్చు. మెదడు పొర వాపు, గుండె కవాటాల ఇన్ఫెక్షను, ఎముకలో చీము, రక్తంలో స్టాఫ్ ఆరియస్ క్రిమి లాంటివి ఇందులోకి రావు. మెట్రోనిడజోల్ అయితే నోటితో వేసినా నరంలోకి ఎక్కించినా రక్తంలో దాదాపు ఒకే మోతాదు. అసలు ఇబ్బంది వెంట వచ్చినవాళ్ళతో. "మాత్రలేటి బాబూ, సూదెయ్యండి" అంటారు. నరంలో క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) ఉన్నంతసేపూ ఆ మాట ఆగదు. అందుకే మాత్ర రాసిన పూటే క్యాన్యులా తీయించండి, ఎర్రబడిన నరం వాళ్ళకే చూపించి చెప్పండి. ఇంకొకటి, మెరోపెనెమ్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, అమాక్సిక్లావ్ నడుస్తుండగా పక్కన మెట్రోనిడజోల్ అక్కర్లేదు. గాలి లేనిచోట పెరిగే క్రిములని అవే చూసుకుంటాయి. ఈ జంటని ఇండెంటు చూసి ఫార్మసిస్టే పట్టెయ్యొచ్చు.

వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం దాకా మన దగ్గర చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే ఒక జ్వరం ఉంది, స్క్రబ్ టైఫస్. సెఫ్‌ట్రయాక్సోన్ మూడు రోజులు వేసినా తగ్గలేదని ఇంకా పెద్ద మందు మెరోపెనెమ్‌కి ఎక్కుతారు. దానికి రెండూ పని చెయ్యవు. మెరోపెనెమ్ రాసేముందు పేషెంటుని పూర్తిగా చూడండి: చంకలు, గజ్జలు, రొమ్ము కింద, నడుం దగ్గర బట్ట బిగిసే చోట. పురుగు కుట్టిన చోట చుట్టతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి పేషెంటు చెప్పడు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రెండు పూటలా 7 రోజులు, గర్భిణికి అజిత్రోమైసిన్. ఊపిరితిత్తులకో మెదడుకో ఎక్కిన తీవ్రమైన కేసుల్లో రెండూ కలిపి నరంలోకి ఇస్తే మేలని మన దేశపు ఆస్పత్రుల్లోనే జరిగిన ట్రయల్ 2023లో చూపించింది. రక్తంలో యాంటీబాడీలు చూసే ఐజీఎం పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావొచ్చు. దాన్ని నమ్మి మందు ఆపకండి.

మైక్రోబయాలజిస్టు లేకపోయినా కల్చర్ పంపొచ్చు, జిల్లా కేంద్రంలో మెడికల్ కాలేజీ ల్యాబ్ ఉంది. చెడేది దారిలో. రక్తం సీసాని వ్యాక్సిన్ డబ్బాలో ఐసు మధ్య పెట్టి పంపడం అలవాటైపోయింది. చలికి కొన్ని క్రిములు చచ్చిపోయి రిపోర్టు నెగెటివ్ వస్తుంది. రక్తం సీసా మామూలు అట్టపెట్టెలో, గది వేడిమిలో వెళ్ళాలి. మూత్రం దీనికి తిరగేసి: రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరకపోతే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉండాలి, ఐసు మీదే వెళ్ళాలి. పెద్దవాళ్ళకి సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి, రెండు వేరు చోట్ల నుంచి తియ్యాలి. 2 మిల్లీలీటర్లు తీస్తే క్రిమి ఉన్నా లేనట్టే వస్తుంది. స్పిరిట్ రాశాక 30 సెకన్లు ఆరనివ్వాలి, తర్వాత నరం మళ్ళీ వేలితో తడమకూడదు. రక్తం తీశాకే మొదటి డోసు, కానీ బీపీ పడిపోతున్న పేషెంటుకి సీసా కోసం మందు ఆపకూడదు. రిపోర్టు వచ్చేసరికి పేషెంటు డిశ్చార్జి అయిపోతున్నాడంటే ఫారం మీద వార్డు ఫోను నంబరు లేదన్నమాట.

కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం (కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస) వైపు నుంచి వచ్చేవాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష) చూడకుండా కిడ్నీని దెబ్బతీసే అమికాసిన్, జెంటామైసిన్ వద్దు, అందులోనూ డైక్లోఫెనాక్‌తో కలిపి అసలే వద్దు. అక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో పైకి కనపడదు, మూత్రంలో ప్రోటీను కూడా పెద్దగా పోదు. కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతోందో చెప్పే లెక్క తేలికే: 140లోంచి వయసు తీసేసి బరువుతో హెచ్చించి, క్రియాటినిన్‌ని 72తో హెచ్చించిన దాంతో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. 55 ఏళ్ళు, 50 కిలోలు, క్రియాటినిన్ 2 ఉన్న మగమనిషికి సుమారు 30 వస్తుంది. అతనికి మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకోసారి కాదు, 12 గంటలకోసారి. మొదటి డోసు మాత్రం తగ్గించొద్దు. సెఫ్‌ట్రయాక్సోన్‌కి ఈ సర్దుబాటు అక్కర్లేదు. బరువు తూచకుండా ఈ లెక్కంతా దండగ, వార్డులో తూకం మిషను పనిచేస్తోందో లేదో చూడండి.

చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన మెరోపెనెమ్, కొలిస్టిన్, లినెజోలిడ్‌కి, ఎందుకు కావాలో రాసే ఒక పేజీ ఫారం పెట్టండి, కానీ రాత్రి పూట ఫారం కోసం మందు ఆగకూడదు. మొదటి 24 గంటల మందు ఇచ్చెయ్యాలి, మర్నాడు ఫారం లేకపోతే స్టోర్స్ ఆపాలి.

నెలకోసారి లెక్క స్టోర్స్ నుంచే తియ్యొచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్‌కి డబ్ల్యూహెచ్‌వో పెట్టిన రోజువారీ కొలమానం (పెద్దవాళ్ళకి రోజుకి పడే సగటు మోతాదు) 2 గ్రాములు. నెలకి 1 గ్రాము వయళ్ళు 600 ఖర్చయితే 300 కొలతలు. 100 పడకల్లో రోజుకి 80 నిండితే 30 రోజులకి 2,400 పడక-రోజులు. అంటే 100 పడక-రోజులకి 12.5. పిల్లల వార్డుకి ఈ కొలత పనికిరాదు, డోసు బరువుని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ మందిచ్చిన రోజులే లెక్కపెట్టండి. గ్రాఫు కింద ఏ మందు ఎప్పుడు నిండుకుందో కూడా రాయండి. సెఫ్‌ట్రయాక్సోన్ తగ్గిందని సంతోషపడేలోపు, ఆ నెల అది స్టోర్స్‌లో లేదనీ, బదులుగా పిపరాసిలిన్ రెట్టింపైందనీ తేలొచ్చు.