ఉద్యోగం లేని శాస్త్రవేత్త పేరు మీద జీవితకాల పురస్కారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ జువాలజీ చేశాను. ఇద్దరు చిన్నపిల్లలు, ప్రస్తుతం ఇంట్లోనే ఉంటున్నాను. అమెరికాలో పక్షిశాస్త్రానికి జీవితమంతా సేవ చేసినవాళ్లకి మార్గరెట్ మోర్స్ నైస్ మెడల్ ఇస్తారని ఈమధ్య చదివాను. ఆవిడ ఐదుగురు ఆడపిల్లల్ని కని, ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం లేకుండా పరిశోధన చేశారట. నిజమేనా, లేక వినడానికి బాగుంటుందని కాస్త పెంచి రాశారా? (ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా. పెంచి రాయాల్సిన అవసరం లేని జీవితం ఆవిడది. 1883లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్‌లో పుట్టారు. తండ్రి కాలేజీలో చరిత్ర ప్రొఫెసర్. మౌంట్ హోలియోక్ కాలేజీలో చదివి, తర్వాత క్లార్క్ యూనివర్సిటీలో చేరి, బాబ్‌వైట్ అనే కౌజులాంటి పిట్ట ఏం తింటుందో, ఎంత తింటుందో పరిశోధించారు. డాక్టరేట్ చేయాలని ఉండేది కానీ 1909లో పెళ్లయింది, అది అక్కడితో ఆగిపోయింది. మీకు ఈ వాక్యం కొత్తగా అనిపించి ఉండదు.

భర్త ఫిజియాలజీ ప్రొఫెసర్, ఆయన ఉద్యోగం ఎక్కడుంటే కుటుంబం అక్కడికి. ఓక్లహామాలో ఉన్నప్పుడు పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో తన కూతుళ్లనే గమనిస్తూ వ్యాసాలు రాశారు. అంటే పిట్టలకి దూరమైన ఆ ఏళ్లలో కూడా నోట్సు రాయడం మానలేదు. మళ్లీ పిట్టల వైపు లాగింది 1919లో ఒక పేపర్ వార్త. గువ్వల వేటకి ఆగస్టులోనే అనుమతి ఇవ్వాలని, అప్పటికి అవి గూళ్లు పెట్టడం అయిపోతుందని అందులో ఉంది. అది తప్పని ఆవిడకి తెలుసు. తెలిసి ఊరుకోకుండా పిల్లల్ని కూడా వెంటేసుకుని గూళ్లు వెతికి, వేసవి పోయాక కూడా ఆ పక్షులు పిల్లల్ని సాకుతూనే ఉంటాయని రుజువు చేశారు. 1924లో ఓక్లహామా పక్షుల మీద భర్తతో కలిసి పుస్తకం తెచ్చారు.

1927లో ఒహాయోలోని కొలంబస్‌కి మారారు. ఆ కొత్తల్లోనే ఒక కూతుర్ని పోగొట్టుకున్నారు. ఇంటి దగ్గర్లో ఒలెంటాంగీ నది ఒడ్డున పొదలు, కలుపు మొక్కలు పెరిగిన బీడు నేల ఉండేది. ఆవిడకి పేరు తెచ్చిన పనంతా అక్కడే జరిగింది, దాని గురించి కింద ఇంకో ప్రశ్న ఉంది కాబట్టి అక్కడ చెప్తాను.

తనని ఎవరైనా గృహిణి అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు, నేను శిక్షణ పొందిన జువాలజిస్టుని అని గట్టిగా చెప్పేవారు. మీరు కూడా అలాగే చెప్పండి. అయితే ఒక మాట మాత్రం దాచను. "చూడు, ఇంట్లో ఉండి కూడా ఆవిడ ఎంత సాధించిందో" అని ఈ కథని మీకు ఎవరైనా నీతిలా చెప్తే నమ్మకండి. ఆవిడకి జీతం, ల్యాబు, ఒక అసిస్టెంటు ఉండాల్సింది. అవి లేకపోవడం గొప్ప కాదు, ఆ కాలం చేసిన అన్యాయం. భర్త సంపాదన ఉంది, ఆయన పూర్తిగా అండగా నిలబడ్డారు, అందుకని సాగింది.

ప్రశ్న: ఒక్క పిట్టని ఏళ్ల తరబడి చూస్తే ఏం తెలుస్తుందండీ? వేల పక్షుల లెక్కలు తీస్తే కదా సైన్స్ అయ్యేది? (ఒక పాఠకుడు, రిటైర్డ్ లెక్కల మాస్టారు)

జవాబు: మాస్టారూ, ఆవిడ చూసింది ఒక్కదాన్ని కాదు, వందల పిట్టల కాళ్లకి రింగులు వేశారు. అప్పటిదాకా రింగులు ఎక్కువగా వలసల కోసమే వేసేవాళ్లు. ఇక్కడ కట్టిన పిట్ట ఇంకెక్కడో దొరికితే, ఎంత దూరం పోయిందో తెలిసేది. నైస్ మామూలు లోహపు రింగుతో పాటు రంగురంగుల సెల్యులాయిడ్ రింగులు కూడా వేశారు. రంగుల వరస ఒక్కోదానికి ఒక్కో రకం. దాంతో పట్టుకోకుండానే, దూరం నుంచి కాళ్లు చూసి ఇది ఫలానాది అని చెప్పగలిగారు. గుంపులో పోల్చుకోలేని పిట్టలకి ఒక్కసారిగా ఎవరి చరిత్ర వాళ్లకి వచ్చింది.

అవి సాంగ్ స్పారోలు. అందులో ఒక మగదాని పేరు 4ఎం. 1929 వసంతంలో ఆ 4ఎం తన పక్క మగపిట్టతో హద్దు తగాదా పెట్టుకోవడం చూసి, ఇక రోజూ దాన్ని గంటల తరబడి చూడాలని నిర్ణయించుకున్నారు. 1935 దాకా చూస్తూనే ఉన్నారు. ఆ ఏడాది మే నెలలో ఒకరోజు తెల్లవారకముందే వెళ్లి కూర్చుని, పొద్దుగూకేదాకా అది ఎన్నిసార్లు పాడిందో ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. 2,305 సార్లు! మీరు లెక్కల మాస్టారు కాబట్టి అడుగుతున్నాను, పదిహేను గంటల పగలు అనుకుంటే గంటకి ఎంత పడుతుందో చూడండి. నూట యాభై పైమాటే. మధ్యలో అది తినాలి, హద్దు కాసుకోవాలి, ఎక్కడా చూపు తిప్పకుండా ఆవిడ పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి.

అలా కూర్చున్నందుకే ఏ మగది ఏ పొద తనదంటుంది, పోయినేడు జతకట్టిన ఆడదే మళ్లీ వస్తుందా, గుడ్లలో ఎన్ని పొదుగుతాయి, కౌబర్డ్ వచ్చి దొంగతనంగా ఆ గూట్లో తన గుడ్డు పెట్టిపోతే అసలు పిల్లల గతి ఏమిటి, ఇవన్నీ ఊహగా కాకుండా ఫలానా పిట్ట, ఫలానా ఏడాది అని రాయగలిగారు. ఒక్కో పిట్ట ఎన్నేళ్లు బతికిందో తెలియాలంటే మనం కూడా అన్నేళ్లు అక్కడ ఉండాలి, దానికి దగ్గరదారి లేదు.

ఈ పని విలువ ముందుగా పట్టుకున్నవాళ్లలో జీవపరిణామ శాస్త్రంలో పేరుమోసిన ఎర్న్స్ట్ మేయర్ ఒకరు. ఈ పిట్టల మీద ఆవిడ రాసిన పొడుగు వ్యాసం మొదట అచ్చయింది జర్మనీలో, స్ట్రెసెమాన్ అనే పక్షిశాస్త్రవేత్త నడిపే పత్రికలో. తర్వాత ఆ పరిశోధనని న్యూయార్క్ లిన్నేయన్ సొసైటీ అనే ప్రకృతి పరిశీలకుల సంఘం 1937లో, 1943లో రెండు భాగాలుగా తెచ్చింది. 1942లో అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘం ఇచ్చే బ్రూస్టర్ మెడల్ వచ్చింది. అంతకుముందు అది అందుకున్న స్త్రీ ఫ్లారెన్స్ మెరియం బెయిలీ ఒక్కరే.

ప్రశ్న: జీవితకాల పురస్కారాలు వయసైపోయాక మర్యాదకి ఇచ్చేవే కదా? (ఇంకో పాఠకుడు)

జవాబు: కొన్ని అలాగే ఉంటాయి, కాదనను. నైస్ మెడల్ సంగతి వేరు అని ఎందుకంటానంటే, ఇది ఇచ్చే విల్సన్ ఆర్నితలాజికల్ సొసైటీ 1888 నాటిది, ఆ సంస్థకి 1938లో నైస్ అధ్యక్షురాలయ్యారు. అమెరికాలో పెద్ద పక్షిశాస్త్ర సంఘం దేనికైనా ఒక స్త్రీ అధ్యక్షురాలవడం అదే మొదటిసారి. ఆవిడ 1974లో పోయారు, మెడల్ 1997లో మొదలైంది. అందుకున్నవాళ్లు సంస్థ వార్షిక సమావేశంలో ప్రసంగం చేయాలి. మెడల్ మెళ్లో వేసుకుని ఇంటికి పోవడం కాదు, ఇన్నేళ్లూ ఏం చూశారో కుర్రవాళ్ల ముందు నిలబడి చెప్పాలి. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

మొదటి ఏడాది ఇచ్చింది నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులకి. మన గిజిగాడికి చుట్టమైన ఆఫ్రికా పిట్టల గూళ్లని దశాబ్దాలు చదివినవాళ్లు. మగది పచ్చి ఆకుల పోగులతో గూడు అల్లి, కింద తలకిందులుగా వేలాడుతూ రెక్కలాడించి ఆడదాన్ని పిలుస్తుంది. ఎవరూ రాక ఆకులు ఎండి రంగు మారితే, తను అల్లిన గూటిని తానే పీకేసి మళ్లీ కొత్తది మొదలుపెడుతుంది. భార్యాభర్తలిద్దరి పేర్లూ కలిపి రావడం ఇంకా బాగుంది. ఇంట్లో ఇద్దరూ పనిచేస్తే బయట ఒక్కరి పేరే వినపడిన రోజులు చాలా ఉన్నాయి.

ప్రశ్న: సాంగ్ స్పారో అంటే మన ఊరపిచ్చుకేనా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

జవాబు: కాదు తల్లీ, కుటుంబమే వేరు. సాంగ్ స్పారో ఉత్తర అమెరికా పిట్ట. ఛాతీ మీద గోధుమరంగు గీతలుంటాయి, చాలావాటికి అవి మధ్యలో కలిసి ఒక మచ్చలా కనిపిస్తాయి. ఊరపిచ్చుక అమెరికాలో ఇప్పుడు బాగా కనిపిస్తుంది కానీ అది అక్కడ పుట్టింది కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో మనుషులు యూరప్ నుంచి తీసుకెళ్లి వదిలారు.