పాతిక కన్నాల పెట్టె: జమీందారు బంగళాదా, చికాగోదా?

(పాత యంత్రాలు – మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర పాత సామాన్లు అమ్మే ఆయన వద్ద ఒక పెద్ద చెక్క పెట్టె కొన్నాను. పైన వాలుగా గాజు, దాని కింద బల్ల మీద 25 కన్నాలు, వాటికి 1 నుంచి 25 వరకు అంకెలు. వెనకాల నిలువు పెట్టె గాజు మీద అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్లు. బంతిని కొట్టే ఫ్లిప్పర్లు లేవు. ఇది ఒక జమీందారు గారి బంగళాలో 1935 నుంచి ఉండేదని, ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించారని అమ్మినాయన చెప్పాడు. పేరు రాసి ఉండే చోట గాజు రంగు పెచ్చులూడిపోయింది. ఇది ఎవరు చేసింది, ఎప్పటిది, మన వైపు ఎలా వచ్చింది? తేల్చుకునే దారి చెప్పగలరు.
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ముందు ఆ 1935ని కొట్టేయండి. మీరు చెప్పిన గుర్తులన్నీ నాణెం వేసి బంతితో ఆడే బింగో పిన్‌బాల్‌వి. ఆ రకం ఆటే 1951లో పుట్టింది. ఆ ఏడు యునైటెడ్ కంపెనీ ‘ఏబీసీ’, బాలీ కంపెనీ ‘బ్రైట్ లైట్స్’ తెచ్చాయి. రెండూ చికాగో కంపెనీలే. బాలీ 1932 నుంచే ఉంది కాబట్టి ఆ పేరు ఎక్కడో కనబడగానే ‘ముప్పైల నాటిది’ అనేవాళ్లు ఉంటారు. కంపెనీ వయసు వేరు, పెట్టె వయసు వేరు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఫ్లిప్పర్లు మొదట వచ్చింది 1947లో, గాట్లీబ్ కంపెనీ వారి ‘హంప్టీ డంప్టీ’ ఆటలో. దాంతో ఫ్లిప్పర్ లేని ప్రతి పెట్టె అంతకు ముందుదే అనుకుంటారు. బింగోకి ఫ్లిప్పర్ అక్కర్లేదు. బంతి స్ప్రింగు దెబ్బకి పైకి వెళ్లి, మేకుల మధ్య దొర్లుకుంటూ వచ్చి ఏదో ఒక కన్నంలో పడుతుంది, వెనక గాజు మీద ఆ అంకె వెలుగుతుంది. ఒకే వరసలో మూడో, నాలుగో, అయిదో అంకెలు వెలిగితే ఉచిత ఆటలు లెక్కలో చేరతాయి. బాలీ ఇలాంటివి 1970లు దాటేదాకా చేసింది. కాబట్టి మీ పెట్టె 1951 తర్వాతి ముప్పై ఏళ్లలో ఎప్పటిదైనా కావొచ్చు.

పరిధి తగ్గించడానికి మొదట వెనక గాజు చూడండి. చదరం ఒక్కటే ఉందా, ఆరు చిన్న చదరాలున్నాయా? బ్రైట్ లైట్స్‌లో ఆరు కార్డులు, అంటే ఆరు అంకెల చదరాలుంటాయి, అది తొలి రోజుల పద్ధతి. గాజు వెనక అటూ ఇటూ జరిగే రంగు రంగుల తెర ఉంటే అది మ్యాజిక్ స్క్రీన్ రకం. 1958 నాటి ‘కార్నివల్ క్వీన్’లో అది ఉంది. అలాంటి తెర ఉన్నదాన్ని 1953 నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. పెచ్చులూడగా మిగిలిన రంగులో ఒక్క అక్షరం తోక కనబడినా దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి, ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో ఉన్న గాజుల ఫొటోలతో పోల్చండి. గళ్లలో అంకెలు ఏ వరసలో ఉన్నాయో కూడా కాగితం మీద రాసుకోండి. బొమ్మ చెరిగిపోయినా అంకెల అమరిక మిగులుతుంది. ఒకే అమరికను చాలా ఆటల్లో వాడారు కాబట్టి అది కుటుంబం చెబుతుంది, మనిషి పేరు చెప్పదు.

తర్వాత పెట్టె లోపలికి వెళ్లండి. ప్లగ్గు పెట్టకుండా, ఏదీ తుడవకుండా. తుడిస్తే ముందు పోయేది సిరా ముద్రలే. సీరియల్ నంబర్ ఒక్క చోట చూసి ఆగిపోకండి. కింది పెట్టె చెక్క మీద, నాణెం తలుపు లోపలి వైపు, వెనక పెట్టెలో, ఆడే బల్ల అడుగున – దొరికినన్ని చోట్ల చూసి అన్నీ రాసుకోండి. అన్నీ కలిస్తే మంచిదే. కలవకపోతే రెండు పెట్టెల్ని ఒకటి చేశారన్నమాట. పనికిరాని రెండింటిని కలిపి ఒకటి నడిపించడం ఈ వ్యాపారంలో మామూలే. అందులో మోసం ఉండాలని లేదు, కానీ అప్పుడు ‘ఇది ఏ ఏడుది’ అన్న ప్రశ్నకి రెండు జవాబులుంటాయి.

ఇప్పుడు అసలు సాక్షి: మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ల మీది రేకు ముక్క. 115 వోల్టులు, 60 సైకిళ్లు (కరెంటు సెకనుకి ఎన్ని ఆవృత్తాలు తిరుగుతుందో ఆ లెక్క, ఇప్పటి మాటలో హెర్ట్జ్) అని ఉంటే పెట్టె అమెరికా బజారుకు చేసింది. 220 వోల్టులు, 50 సైకిళ్లు అని ఉంటే ఎగుమతికి చేసింది. అక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1957లో కోర్పాన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఇలాంటి పెట్టెల్లో గెలిచిన ఉచిత ఆటలకు డబ్బిచ్చి తీసుకుంటే అది జూదపు యంత్రమేనని తేల్చి, జూదపు పన్ను కిందికి తెచ్చింది. 1962లో జూదపు పరికరాల రవాణా చట్టాన్ని ఇంకా బిగించారు. ఆ తర్వాత బింగోలకి పెద్ద గిరాకీ బయటి దేశాల్లో, అందులో ముఖ్యంగా బెల్జియంలో ఉండేది. ఆంట్వెర్ప్‌లో బాలీ కాంటినెంటల్ ఉండేది. తర్వాత బెల్జియం వాళ్లే సిర్మో, స్ప్లిన్ లాంటి పేర్లతో బింగోలు చేశారు. కాబట్టి ఆట సూచనల కార్డు ఫ్రెంచిలోనో డచ్చిలోనో ఉంటే ఇంగ్లండు మాట కూడా వదిలేయొచ్చు. రేకు మీద ‘హెర్ట్జ్’ అని కాకుండా ‘సైకిల్స్’ అని ఉంటే పాతకాలపు రాత అనుకోవచ్చు, దాన్ని తేదీగా మాత్రం తీసుకోకండి.

నాణెం గాడి గురించి ఒక హెచ్చరిక. వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. అమెరికా అయిదు సెంట్ల నాణెం 21.2 మిల్లీమీటర్లు. బెల్జియం అయిదు ఫ్రాంకులది 24. బ్రిటిష్ ఆరు పెన్సులది 19.4. ఇక్కడే చిక్కుంది: మన పాత నికెల్ అర్ధరూపాయి కూడా 24, పావలా 19. గాడి 24 ఉందని ‘బెల్జియం నుంచి వచ్చింది’ అనలేం, మనవాళ్లే అర్ధరూపాయికి తగ్గట్టు మార్చి ఉండొచ్చు. చేత్తో ఆకురాయి వేసి పెద్దది చేసిన గాడి అంచు గీతలు గీతలుగా ఉంటుంది, ఫ్యాక్టరీ అంచు నున్నగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

విడిభాగాల మీది అంకెల కోడ్‌లు దొరికితే అదృష్టమే. ఉదాహరణకి ఒక రెసిస్టరు మీద 137 5623 అని ఉంటే 137 సీటీఎస్ అనే తయారీదారు, 56 అంటే 1956, 23 ఆ ఏటి ఇరవై మూడో వారం. దాన్నిబట్టి ‘ఈ భాగం 1956 జూన్‌కి ముందు లేదు’ అనొచ్చు, అంతవరకే. తర్వాత ఎవరో మార్చి ఉంటే పెట్టె అంతకన్నా పాతది కావచ్చు. ఒక్క భాగం వేరే ఏడు చెబుతుంటే దాని టాంకా చూడండి. పక్కవాటికన్నా మెరుస్తూ, గుబ్బగా ఉంటే అది తర్వాత పెట్టిందే.

ఇక మన వైపు ఎలా వచ్చిందన్నది. ఇది పెట్టెలో దొరికే సమాచారం కాదు. 2001 ఏప్రిల్ దాకా వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలుండేవి. అంతకు ముందు దర్జాగా ఓడలో దిగి ఉంటే లైసెన్సు, కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ లాంటి కాగితం ఉండాలి. విశాఖ రేవు పేరు అందరూ చెబుతారు, కాగితం ఎవరూ చూపించరు. అమ్మినాయన్ని ‘బంగళాదేనా?’ అని అడగకండి, ‘అవునండీ’ అనేస్తాడు. ఎవరింట్లో ఎత్తారు, ఏ ఏడు, ఏ బండి మీద తెచ్చారు, అప్పుడు వైరు ఉందా తెగి ఉందా, పక్కన ఇంకేం సామానుంది అని అడగండి. జవాబు ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేసి ఉంచండి. నెల తర్వాత మళ్లీ అడిగి రెండూ పోల్చండి. మారని వివరాలే పనికొచ్చేవి.

ప్రశ్న: నాకు ఒక పాత బింగో పెట్టె బాగుకి వచ్చింది. 115 వోల్టులు, 60 సైకిళ్లు అని రేకు మీద ఉంది. మన కరెంటుకి ఎలా కలపాలి? మోటారు ఆగకుండా తిరుగుతోందని తెచ్చినాయన అంటున్నాడు.
– ఒక ఎలక్ట్రీషియన్, సాలూరు

జవాబు: పై ఉత్తరం, మీదీ ఒకే పెట్టె గురించేనేమోనని మా అనుమానం! అయితే రేకు సంగతి తేలిపోయింది, ఇంగ్లండు ఎగిరిపోయింది. చీపురుపల్లి వారికి మీరే చెప్పేయండి.

230 వోల్టుల్లో నేరుగా పెట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి, అదీ 120 ఇచ్చేది కాకుండా 110 ఇచ్చేది. కారణం: 60 సైకిళ్లకి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 50 మీద నడిపితే దాని ఇనుము త్వరగా నిండిపోయి వేడెక్కుతుంది. లెక్కకి వోల్టులూ సైకిళ్లూ ఒకే నిష్పత్తిలో తగ్గాలి, 115ని 50తో హెచ్చించి 60తో భాగిస్తే దాదాపు 96 వస్తుంది. బజారులో తేలిగ్గా దొరికేవాటిలో 110 దానికి దగ్గర. పెట్టె మీది ఆంపియర్లని 110తో హెచ్చించి, వచ్చినదానికి కనీసం సగం కలిపి అంత వీఏ (వోల్ట్-ఆంపియర్లు) ఉన్న స్టెప్‌డౌన్ కొనండి. 5 ఆంపియర్లుంటే 550, కాబట్టి 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. వీలుంటే ఆటో రకం కాకుండా రెండు చుట్లు విడిగా ఉన్న ఐసొలేషన్ రకం తీసుకోండి. అసలు వైరు రెండు పిన్నులదే అయి ఉంటుంది. మూడు కోర్ల వైరు వేసి, ట్రాన్స్‌ఫార్మర్ చట్రాన్ని, నాణెం తలుపు ఇనుముని ఎర్తుకి కలపండి.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు 230 వైపు సీరీస్ బల్బు పెట్టండి, 100 వాట్లది. మీకు కొత్త కాదు. బల్బు వెలిగి తగ్గి మసకగా నిలిస్తే మంచిదే. పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. బట్ట తొడుగు వైర్లని ఎలుకలు కొరికిన చోటు వెతకండి, ముఖ్యంగా రెండు పెట్టెలూ కలిసే మూలలో. ఫ్యూజు పోతే అంతకన్నా లావుది వేయొద్దు.

మోటారు సంగతి: ఫ్లిప్పర్ ఆటల్లో మోటారు కొంత తిరిగి ఆగుతుంది. బాలీ బింగోల్లో మోటారు ఆడినంతసేపూ తిరుగుతూ ఉండడం రోగం కాదు, దాని మీది క్యాములు (స్విచ్చుల్ని నొక్కే చక్రాలు) క్లచ్చు పట్టినప్పుడు మాత్రమే తిరుగుతాయి. 50 సైకిళ్ల మీద అది ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది, అదీ మామూలే. రోగం ఎక్కువగా మెట్లు మెట్లుగా తిరిగే యూనిట్లలో ఉంటుంది. గుండ్రని అట్ట పలకల మీద రాగి బుడిపెల వరసలు, వాటి మీద పాకే వేళ్లు ఉంటాయి. అక్కడి పాత గ్రీజు జిగురై ఎండిపోతుంది. వేలు మధ్యలో ఆగితే నాణెం వేసినా పందెం పెరగదు, లేదా గెలిచినా లెక్క పెరగదు. తీసేముందు వేలు ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టండి, వెనక్కి లాగే స్ప్రింగు ఎన్ని చుట్లు బిగించి ఉందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ చుట్లు మర్చిపోతే తర్వాత వారం రోజులు తిప్పలు. సెల్‌ఫోన్ బాగుచేసేవాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి, బుడిపెల్ని గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో తేలిగ్గా రుద్దండి. తుప్పు వదిలించే స్ప్రే అట్ట పలకల మీద కొట్టకండి, దుమ్ము పట్టి మళ్లీ జిగురవుతుంది. రిలే కాంటాక్టుల మీద ఉప్పుకాగితం వద్దు, వెండి పూత పోతుంది. గట్టి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే చాలు.

ప్రశ్న: తిత్లీ తుపానులో తడిసిన పాత ఆట గాజు నా దగ్గరుంది. రంగు లేస్తోంది. ఫెవికాల్ రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: వద్దమ్మా. ఫెవికాల్, సెల్లోటేపు, తడిగుడ్డ – ఏదీ వద్దు. రంగు ఉన్నది గాజు వెనక వైపు, తుడిస్తే చేతికొచ్చేస్తుంది. ముందు వైపు మాత్రమే మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. నిలువుగా, గోడకి తగలకుండా, ఎండా గాలీ సూటిగా తగలని చోట పెట్టండి. ఇప్పుడే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచండి, రేపు రంగు ఇంకా రాలినా ఆధారం ఉంటుంది. అసలుదో నకలుదో తెలుసుకోవాలంటే పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. పాతవి సిల్క్‌స్క్రీన్‌తో అద్దినవి, ఒక్కో రంగు నిండుగా పొరలా ఉంటుంది, అంచు స్పష్టంగా ఉంటుంది. ఈ మధ్య ప్రింటర్‌తో వేసినదైతే ఎరుపులో కూడా సన్నని రంగు చుక్కలు కనబడతాయి.

ప్రశ్న: ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాకు కాఫీ హోటలుంది. ఇలాంటి పెట్టె అలంకారంగా పెట్టి, గెలిచినవాళ్లకి ఉచిత టిఫిన్ ఇద్దామనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉంటుందా?
– శ్రీకాకుళం

జవాబు: ఉంటుంది. నాణెం వేయించి, గెలిస్తే డబ్బో డబ్బుకి సరిపడే వస్తువో ఇస్తే ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 కిందికి వచ్చే ప్రమాదం ఉంది. పెసరట్టు కూడా డబ్బుకి సరిపడే వస్తువే. చికాగో వాళ్ల గొడవంతా ఇలాంటి మెలిక దగ్గరే మొదలైంది. అలంకారంగా పెట్టదలిస్తే నాణెం గాడి మూసేసి, పవర్ తీసేసి పెట్టండి. ఆడించాలనుకుంటే ముందు మీ లాయరుకి చూపించి, ఆయన సలహా కాగితం మీద తీసుకోండి.