తాళం వేటికి? వేటికి వద్దు?

ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. సొంతింట్లో ఉండలేని పరిస్థితి వచ్చిన పిల్లల్ని, తిరిగి వాళ్ల కుటుంబం దగ్గరకు వెళ్లేదాకానో మరో శాశ్వత ఏర్పాటు కుదిరేదాకానో మన ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం. ఈ విషయం మీద ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. గది ఎంత ఉండాలి, ఎవరు ఎవరితో గది పంచుకోవచ్చు లాంటి నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వాటిని మీ కేస్ వర్కర్ (ఆ పిల్లల బాగోగులు చూసే సంస్థ తరఫు ఉద్యోగి) దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. అలాంటి జాబితాలకు అందని సంగతులకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: వచ్చే నెలలో మా ఇంటికి నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల వాళ్లన్నయ్య వస్తున్నారు. మాకు పిల్లల్లేరు. ఉండేది మూడో అంతస్తు ఫ్లాట్‌లో. ఇల్లు ఎక్కణ్నుంచి సర్దాలి?

జవాబు: మందుల దగ్గర మొదలుపెట్టండి. ‘పై అరలో పెట్టాంలే, అందవు’ అనుకోవద్దు. కుర్చీ లాక్కుని ఎక్కడం నాలుగేళ్ల పిల్లకు పెద్ద పనేం కాదు. మాత్రలు, సిరప్‌లు, విటమిన్లు, ఆయింట్‌మెంట్లు అన్నీ తాళం పడే పెట్టెలోకి వెళ్లాలి. తాళంచెవి ఆ పెట్టె పక్కనే మేకుకు వేలాడకూడదు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందులకు మరో చిన్న పెట్టె కావాలి. పెద్దవాళ్లు వేసుకునే ఐరన్ మాత్రలు కొన్ని మింగినా చిన్నపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. చాలామంది మర్చిపోయేది చుట్టాల హ్యాండ్‌బ్యాగులు. వచ్చినవాళ్ల బ్యాగు తీసుకుని తలుపున్న గదిలో పెట్టడం అలవాటు చేసుకోండి.

తర్వాత వేడినీళ్లు. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు తగిలితే చర్మం లోతుగా కాలడానికి కొద్ది సెకన్లు చాలు. అదే 49 డిగ్రీలైతే నిమిషాలు పడుతుంది, ఈలోగా చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. పిల్లల చర్మం పల్చన కాబట్టి వాళ్లకు ఈ వ్యవధి ఇంకా తక్కువ. గీజర్ మీద ఉన్న అంకెను నమ్మకుండా, వేడినీళ్ల కుళాయిని రెండు నిమిషాలు వదిలి, గ్లాసులో పట్టి థర్మామీటర్‌తో చూడండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, వంటకు వాడేది కావాలి. నీళ్లు నిలవుండే పెద్ద ట్యాంకులో బ్యాక్టీరియా పెరగకుండా 60 డిగ్రీలు ఉంచాల్సి వస్తే కుళాయి దగ్గర వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ పెట్టించండి.

బీరువా, సొరుగుల బల్ల, పుస్తకాల అర, టీవీ గోడకు బిగించి ఉన్నాయా? పిల్ల అన్ని సొరుగులూ ఒకేసారి లాగి, కింది సొరుగు మీద కాలేసిందంటే బరువంతా ముందుకొచ్చి బల్ల పిల్ల మీద పడుతుంది. వస్తువును గోడకు పట్టి ఉంచే ఎల్ క్లాంప్‌ను పైభాగంలో బిగించాలి. స్క్రూ కోసం వేసిన ప్లగ్ ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. పైపూతలోనే ఆగిన స్క్రూ ఒక్క గుంజుకు ఊడొస్తుంది. బిగించాక మీరే గట్టిగా లాగి చూడండి.

కిటికీ 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా స్టాపర్ పెట్టించండి. దోమతెర పిల్ల బరువును ఆపలేదు. బాల్కనీ కమ్మీల సందు కూడా 10 సెంటీమీటర్ల లోపే ఉండాలి. కమ్మీలు సరిగ్గానే ఉన్నా, పక్కన పూలకుండీయో పాత స్టూలో ఉంటే ఆ జాగ్రత్తంతా వృథా. కర్టెన్ తాళ్లు పిల్లకు అందని ఎత్తులో కట్టేయండి. బకెట్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నా ప్రమాదమే, వాడగానే బోర్లించండి.

బటన్ బ్యాటరీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రిమోట్, బరువు తూచే యంత్రం, వెలిగే బొమ్మలు, పాట పాడే గ్రీటింగ్ కార్డులు, అన్నిట్లో ఉంటాయి. మింగితే గొంతులో ఇరుక్కుని, చుట్టూ ఉన్న తడితో కరెంటు ప్రవహించి, అక్కడ పుట్టే క్షారం రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. లోపలిది కారడం వల్ల కాదు, అందుకే వాడేసిన బ్యాటరీ కూడా ప్రమాదమే. స్క్రూతో మూతపడని వస్తువును ఇంట్లోంచి తీసేయండి. మింగిందని అనుమానమొచ్చినా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. వాంతి చేయించకూడదు. ఏడాది నిండిన పిల్లయితే, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, మొత్తం ఆరుసార్ల వరకు ఇవ్వచ్చు. తేనె కోసం ఆగిపోవద్దు.

ఇక వాళ్లన్నయ్య. చెల్లిని ఇన్నాళ్లూ ఆ పిల్లాడే సాకి ఉండొచ్చు. పొయ్యి వెలిగించడం, మందు పట్టడం, స్నానం చేయించడం అతనికి అలవాటు పనులు కావచ్చు. ‘నువ్వు చిన్నపిల్లాడివి, తప్పుకో’ అని ఒక్కసారిగా లాగేసుకుంటే, చెల్లిని తన నుంచి విడదీస్తున్నారనే అనుకుంటాడు. పొయ్యి, మందులు, స్నానం పెద్దవాళ్ల పనులని మెల్లగా చెబుతూ, చెల్లి రేపు వేసుకునే బట్టలు ఎంచడం, పడుకునే ముందు కథ చదవడం అతనికే వదిలేయండి. రాత్రి గ్యాస్ మాత్రం రెగ్యులేటర్ దగ్గరే కట్టేయండి.

పొగ అలారం ప్రతి పడకగదిలోనూ, పడకగదుల బయటా ఉండాలి. నెలకోసారి మీట నొక్కి చూడండి. తయారై పదేళ్లయితే మార్చేయండి. పిల్లల గది తలుపుకు బయటి గడియ ఉంటే ఊడదీసేయండి. బాత్‌రూం గడియ మాత్రం అవసరమైతే బయట నుంచి నాణెంతో తిప్పగలిగేదై ఉండాలి.

ప్రశ్న: మొదటి రోజు ఏం చేయాలి? బంధువులంతా చూడ్డానికి వస్తామంటున్నారు.

జవాబు: రావద్దని చెప్పండి, కనీసం మొదటి వారం. కొత్త మొహాలు ఎంత తక్కువైతే అంత మంచిది. గదికి బెలూన్లు కట్టి కేక్ తెచ్చే ఆలోచన కూడా మానుకోండి. మీకది పండగే, ఆ బిడ్డకు ఇల్లు పోయిన రోజు.

గుమ్మంలో మీ పేరు చెప్పి, మిమ్మల్ని ఏమని పిలవచ్చో రెండు మూడు మాటలు సూచించండి: పేరు, ఆంటీ, అత్తా, ఏదైనా సరే. ‘అమ్మా అని పిలు’ అనొద్దు. ఆ బిడ్డకో అమ్మ ఉంది. తర్వాత ఇల్లు చూపించండి. ముందు బాత్‌రూం, లైటు స్విచ్‌లు, మంచినీళ్లు, రాత్రి మీరు పడుకునే గది. అగ్నిప్రమాదం వస్తే బయటకు పోయే రెండు దారులు మర్నాడు పగటిపూట నడిచి చూపిస్తే చాలు, రాత్రి చెబితే భయపడతారు.

సామాను తీసి సర్దాలా వద్దా అన్నది బిడ్డ ఇష్టం. బ్యాగు మీరు తెరవద్దు. మాసిన దుప్పటో చిరిగిన బొమ్మో కనిపిస్తే ఉతకడానికి తొందరపడకండి, సొంతింటి వాసన మిగిలింది అందులోనే. బట్టలు ప్లాస్టిక్ సంచిలో వస్తే కొత్త బ్యాగొకటి ఇచ్చి, అది తనదేనని, ఎక్కడికి వెళ్లినా తనతోనే వస్తుందని చెప్పండి.

ఆ రాత్రి స్నానానికి పట్టుబట్టొద్దు. నీళ్లంటేనో, బాత్‌రూం తలుపు మూయడమంటేనో కొందరికి భయం ఉంటుంది, కారణం మనకు తెలియదు. మొహం, కాళ్లుచేతులు కడుక్కుంటే చాలు. ముద్దుచేసే ముందూ, దగ్గరకు తీసుకునే ముందూ అడగండి. మంచం కిటికీ కింద కాకుండా, పడుకున్నచోటి నుంచి తలుపు కనిపించేలా వేయండి. తలుపు ఎంత తెరిచి ఉంచాలో బిడ్డనే అడగండి. వసారాలో మసక లైటు వెలుగుతుండాలి. ‘రేపు పొద్దున్న నిద్రలేపేది నేనే, లేచాక టిఫిన్’ అని చెప్పి వెళ్లండి. వాళ్లకు కావాల్సింది తర్వాత ఏం జరగబోతోందన్న సంగతి.

‘మీ ఇంట్లో ఏమైంది?’ అని మాత్రం అడగొద్దు. తనంతట తాను చెబితే వినండి, మీరు కదిపి రాబట్టొద్దు. హింస గురించి ఏదైనా చెబితే బిడ్డ అన్న మాటలను అన్నట్టే, తేదీ, సమయంతో రాసిపెట్టి అదే రోజు కేస్ వర్కర్‌కు తెలపండి. ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాటిచ్చారో, ఆ మాట తప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: మా దగ్గరున్న ఆరేళ్ల బాబు పరుపు కింద బిస్కెట్లు, పళ్లు దాస్తున్నాడు. చీమలు పడుతున్నాయి. వంటింటికి తాళం వేయమని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: అత్తగారిని ఈ ఒక్క విషయంలో కాదనండి. మందులకు తాళం వేయాలి, తిండికి వేయకూడదు. ఒకప్పుడు తిండి దొరకని పిల్లాడికి కడుపు నిండినా భయం పోదు. తాళం పడిందంటే అతను భయపడ్డది నిజమైనట్టే, దాచడం ఇంకా పెరుగుతుంది.

మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి అతని పేరు రాసి గదిలో పెట్టండి. అందులో పాడవనివి, చీమలు పట్టనివి ఉంచి, రోజూ ఒకే వేళకు అతని ఎదుటే నింపండి. ఒక్కరోజు మర్చిపోయినా మళ్లీ మొదటికొస్తుంది. భోజనం, చిరుతిండి కలిపి రెండున్నర, మూడు గంటలకోసారి ఏదో ఒకటి పెడుతుండండి. తర్వాతి వేళలు బొమ్మలతో గీసి గోడకు అంటించండి. పరుపు కింద దొరికితే గొడవ చేయకుండా ‘ఇది డబ్బాలో పెడదామా?’ అంటే సరిపోతుంది. తిండి పెట్టననడం శిక్షగానూ, మిఠాయి ఇవ్వడం బహుమతిగానూ వాడొద్దు. వాంతి అయ్యేంత తింటుంటే, లేదా బాగా బక్కచిక్కి ఉంటే డాక్టర్‌ను కలవండి. తీవ్రంగా పస్తులున్న శరీరానికి తిండి పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాప రోజూ పక్క తడుపుతోంది. రాత్రి నీళ్లు మాన్పించాం, లాభం లేదు.

జవాబు: నీళ్లు మాన్పించొద్దు. పగలు బాగా తాగించి, పడుకునే ముందు గంటలో కొంచెం తగ్గిస్తే చాలు. పరుపు మీద వాటర్‌ప్రూఫ్ కవరు, దానిపై దుప్పటి, మళ్లీ కవరు, మళ్లీ దుప్పటి, ఇలా రెండు వరసలు వేయండి. రాత్రి పై వరస లాగేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది, లైట్లన్నీ వేసి ఇల్లంతా లేవాల్సిన పనిలేదు. మార్చుకునే బట్టలు, తడివి వేసే బుట్ట తనకు అందేచోట పెట్టండి. మలబద్ధకం ఉందేమో చూడండి, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం చాలామందిలో ఒక కారణం. మంట, జ్వరం, విపరీతమైన దాహం, లేదా ఇన్నాళ్లూ లేనిది కొత్తగా మొదలవడం, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

ప్రశ్న: భద్రత కోసం పిల్లల గదిలో కెమెరా పెట్టొచ్చా?

జవాబు: వద్దు. వీధి గుమ్మం దగ్గర పెట్టుకోండి. బట్టలు మార్చుకునేచోట, పడుకునేచోట కెమెరా ఉంటే పిల్లలకు ఇంకెక్కడా నమ్మకం కుదరదు, నిబంధనలు కూడా చాలాచోట్ల ఒప్పుకోవు. నిద్రలో నడిచే అలవాటుంటే గది తలుపుకు చిన్న గంట కట్టండి, ఆ సంగతి పిల్లలకు చెప్పే కట్టండి.

ప్రశ్న: వారానికోసారి వాళ్లమ్మ వచ్చి చూసి వెళ్తుంది. ఆ సాయంత్రమంతా ఏడుపు, విసిరికొట్టడం. కలవకుండా ఆపించమని అడగాలా?

జవాబు: ఏడ్చినంత మాత్రాన ఆ కలయిక చెడు చేసిందని కాదు. ప్రతివారం మళ్లీ విడిపోవడం అది. ఆ సాయంత్రం హోంవర్క్, ట్యూషన్, చుట్టాలు ఏమీ పెట్టుకోకండి. వచ్చే దారిలో ప్రశ్నలొద్దు. ఇంటికి రాగానే ప్రతిసారీ ఒకే క్రమం ఉండాలి: తినడానికేదైనా, కాసేపు ఒళ్లు అలిసేలా ఆట, త్వరగా పడక. అమ్మ ఫొటో గదిలో పెట్టుకోనివ్వండి. ఆమె గురించి చెడుగా ఒక్క మాట, ఫోన్‌లో పక్కింటివాళ్లతో అన్నా సరే, పిల్లల చెవిన పడుతుంది.

కలిసిన రోజు ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయండి. ‘తల్లిని చూసి కలత చెందింది’ అని రాస్తే అది మీ అభిప్రాయం. ‘6:10కి వచ్చింది, బూట్లు విసిరింది, 20 నిమిషాలు ఏడ్చింది, 8కి పడుకుంది’ అని రాస్తే అది పనికొచ్చే సమాచారం. నాలుగైదు వారాలవి వరసగా చూస్తే తగ్గుతోందో పెరుగుతోందో కనబడుతుంది. కలుసుకునే వేళ, చోటు మార్చమని అడగాల్సి వస్తే ఆ నోట్‌బుక్కే చూపించండి. అమ్మను కలిసి వచ్చాక ఒంటి మీద దెబ్బలో, ఎవరైనా బెదిరించారన్న మాటో బయటపడితే మాత్రం వారాలు ఆగకుండా అప్పుడే కేస్ వర్కర్‌కు చెప్పాలి.

ప్రశ్న: మా సొంత పాపకు ఏడేళ్లు. ‘ఎందుకొచ్చారు వాళ్లు?’ అని అడుగుతోంది. ఎంతవరకు చెప్పాలి?

జవాబు: ‘వాళ్లింట్లో పెద్దవాళ్లు ప్రస్తుతం చూసుకోలేకపోతున్నారు, అందుకని కొన్నాళ్లు మనతో ఉంటారు’ అని చెబితే చాలు. మిగతా కథ వచ్చిన పిల్లలది, అది బడిలో పాకకూడదు. మీ పాపకు తాళం వేసుకునే డబ్బా ఒకటివ్వండి. పంచుకోనక్కర్లేని బొమ్మలు అందులో దాచుకుంటుంది. అలాంటిదే వచ్చిన పిల్లలకూ ఇవ్వండి, అయితే ప్రమాదకరమైనవేవీ అందులో చేరకుండా చూసుకుంటామని ఇద్దరికీ ముందే చెప్పండి. రోజూ ఓ పావుగంట మీ పాపతో ఒంటరిగా గడపండి. ఆమెకు మాత్రమే కాదు, ఇంట్లో అందరికీ ఒకే నియమాలు ఉండాలి: మూసిన తలుపు తట్టాలి, స్నానం ఒక్కరే చేయాలి, ఎవరి మంచం వారిదే.

అందరూ కలిసి దిగిన ఫొటోలను సోషల్ మీడియాలో పెట్టకండి. వెనకాల కనిపించే బడి బోర్డు, యూనిఫాం చాలు, ఆ బిడ్డ ఎక్కడుందో తెలియకూడనివాళ్లకు తెలిసిపోవడానికి. ప్రింటు తీసి ఆల్బంలో పెట్టి, వెళ్లేరోజు బిడ్డ చేతికివ్వండి.