సూపర్‌మ్యానా, బ్యాట్‌మ్యానా: తీర్పు చెప్పే ముందు

అన్నా, సూపర్‌మ్యాన్ గొప్పా, బ్యాట్‌మ్యాన్ గొప్పా అని ఆదివారం హాస్టల్లో ఇద్దరు తమ్ముళ్లు చేసే వాదనకు నువ్వు తీర్పు చెప్పాల, ఎవర్ని గెలిపించినా రెండోవాడు అలుగుతాడు. అదే కదా నీ కష్టం?

ఎవరికి బలమెక్కువ అనే ప్రశ్న ముందు తీసెయ్. అలిపిరి కాడ మొదలుపెడితే కొండెక్కేదాకా తెగదది. మొదటి కామిక్ కథలో ఎవరేం చేసినారో అడుగు. 1938లో సూపర్‌మ్యాన్ గ్రహాంతర రాక్షసులతో కొట్లాడలా. మరణశిక్ష పడిన నిరపరాధిని కాపాడినాడు, పెళ్లాన్ని కొడుతున్న మొగుణ్ణి గోడకేసి కొట్టినాడు. 1939లో బ్యాట్‌మ్యాన్ గుద్దితే దుండగుడు యాసిడ్ తొట్టిలో పడి చచ్చినాడు, ఈయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు! 'మావాడు ఎవర్నీ చంపడు' అనే తమ్ముడికి ఇది చెప్పు, కాసేపు నోరు పెగల్దు. చంపకూడదనే నియమం తర్వాత వచ్చింది. అంటే ఆ గుణం పుట్టుకతో వచ్చింది కాదు, సంపాదించుకున్నది. నాకైతే అందుకే ఆయనంటే ఇష్టం (ఇది మాత్రం వాళ్ల ముందర అనద్దు).

ఇంక తీర్పంటావా, ఒక్కొక్కడినీ అవతలివాడి హీరో తరఫున పది నిమిషాలు మాట్లాడమను. బాగా మాట్లాడినోడికే మార్కులు. మా గదిలో స్పైడర్‌మ్యాన్ గొడవ ఇట్లానే చల్లారింది, టీ డబ్బులు మాత్రం నా నెత్తిన పడినాయి.